సగం దిగే అద్దం

మొన్న పెట్రోలు బంకులో పనిచేసే అతను నా కారు అద్దం మీద వేలితో టకటక కొట్టి, "సార్, గ్లాసు పూర దించుండ్రి. కార్డు మిషిన్ లోపటికి వడ్తలేదు" అన్నాడు.

"పూర దిగది తమ్మీ. గంతే" అన్నాను.

అతను నన్ను చూశాడు, కారును చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "కరాబైందా సార్? మా బావ మెకానిక్కే. ఫోన్ చెయ్యాల్నా?"

కరాబు కాలేదు. నా కారు ముందు తలుపుల అద్దాలు రెండూ సగం దాకా దిగి, అక్కడ దేనికో ఠక్కున తగిలి ఆగిపోతాయి. ఆ తగిలేది లోపలున్న స్పీకరు వీపుకు. దాని అయస్కాంతం అంత లావు. రోడ్డు మీద పోలీసాయన ఆపితే అందరూ అద్దం దించి మాట్లాడతారు, నేను తలుపు తీసుకుని దిగి నిలబడతాను. ఆయన నాకు మర్యాద ఎక్కువ అనుకుని వదిలేస్తాడు. పల్చటి స్పీకర్లు వేయించుకోరాదా అని అడిగిన మెకానిక్కులకు లెక్క లేదు. కానీ ఆ స్పీకర్లు ఎంచింది మా పెద్దత్త. ఎంచి, బిగించి, కొన్నాళ్ళు వాటితో ముచ్చట్లాడి, పోయిన వానాకాలంలో వెళ్ళిపోయింది. ఇక నేను వాటిని విప్పదీయడం అయ్యే పని కాదు.

పెద్దత్త అంటే మా నాన్నకు అక్క. దుబ్బాకలో మగ్గాల ఇంట్లో పుట్టి, ఇంకో మగ్గాల ఇంటికి కోడలై పోయి, మామ పోయాక సిద్దిపేటలో మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. వస్తూ వస్తూ ఒక మూట తువ్వాళ్ళు తెచ్చుకుంది. "ఊకె కూసోని తింటనా?" అని మర్నాడే వీధిలోకి బయల్దేరి వాటిని అమ్మేసింది. ఆ తర్వాత దుబ్బాక పోయి మళ్ళీ తెచ్చుకోవడం, మళ్ళీ అమ్మడం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా ఇంట్లో ఆ పూట ఏం కూర వండారో వీధి చివర పిండిగిర్ని దగ్గర నిలబడ్డ వాళ్ళకు కూడా తెలిసేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందువైపు చూసేది కాదు. "మర్లెయ్యి, సూద్దాం" అనేది. అంటే తిరగెయ్యమని. చీర తిరగేసి చూడడం మగ్గాల ఇంట్లో అందరూ చేసే పనే. పోగు ఎక్కడ తెగింది, ముడి ఎక్కడ పడింది, తొందరలో ఎక్కడ దారం వదిలేశారు, అన్నీ వెనకే బయటపడతాయి. ముందు వైపు మెరుపు చూసి మురిసిపోయే వాళ్ళను చూస్తే ఆమెకు జాలి. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఆమె చీరతో ఆపలేదు, కనిపించిన ప్రతిదాన్నీ తిరగేసింది.

పెళ్ళిపత్రిక ఇస్తే తిరగేసేది. మందుల షీటు తిరగేసేది. చదువు రాదు కాబట్టి అక్కడ ఏం రాసుందో ఆమెకు అనవసరం, అచ్చు చక్కగా పడిందా లేదా అన్నదే చూసేది. మేం కొత్త టీవీ కొన్న రోజు ఇంటిల్లిపాదీ దాని ముందు కూర్చుంటే ఆమె దాని వెనక్కి వెళ్ళి నిలబడింది. వైర్లన్నీ చూసి, "గిదేంది, పేగులన్ని బయటవెట్టిండు!" అంది. గోడకు ఆనించిన తర్వాత గానీ ఆమె ఆ టీవీని మన్నించలేదు.

నా పెళ్ళి కూడా అట్లాగే కుదిరింది. బెజ్జంకికి పిల్లను చూడడానికి పోయాం. ముందు గదిలో మిక్చరు, మైసూరుపాకు పెట్టారు. పిల్ల వచ్చే టైముకు పెద్దత్త లేదు. ఎక్కడికి పోయిందా అని చూస్తే ఇంటి వెనక, గిన్నెలు తోమే చోట ఆ పిల్ల నానమ్మతో కూర్చుని మాట్లాడుతోంది. మాట్లాడుతూనే దండెం మీద బట్టలు ఎట్లా ఆరేశారో, నీళ్ళ గాబు మూత ఉందో లేదో, తోమిన గిన్నెల అడుగు తెల్లగా ఉందో లేదో అన్నీ చూసేసింది. లోపలికి వచ్చి మా నాన్నతో అందరికీ వినపడేటట్టు రహస్యం చెప్పింది. "ఖాయం చెయ్యి తమ్మీ. ఎన్క మంచిగున్నది."

"నా మొకం సూడకముందే మీ అత్త మా బోళ్ళ అడుగు సూసింది" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అనేటప్పుడు కొంచెం గర్వంగానే అంటుంది.

పెద్దత్తకు ఒక్క చెల్లెలు. మా చిన్నత్త. పెళ్ళవగానే భీవండి పోయింది. అక్కడ పవర్‌లూముల మధ్య ఇల్లు, ఇంట్లో పవర్‌లూముల మోత. అన్నేళ్ళు ఆ మోతలో బతికే సరికి చిన్నత్త చెవులు పోయాయి. పెద్దత్త చెవులు వయసుతో పోయాయి. చిన్నమామ పక్షవాతంతో మంచాన ఉన్నాడు కాబట్టి చిన్నత్త ఇల్లు కదలలేదు. పెద్దత్త మోకాళ్ళు పనికిరావు కాబట్టి ఆమె రాత్రంతా బస్సులో కూర్చోలేదు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని ఏళ్ళు గడిచాయి. మిగిలింది ఫోను ఒక్కటే. ఆ ఫోనులో ఇద్దరికీ వినపడదు.

వాళ్ళ ఫోను వినాలంటే పక్కన ఉండనక్కర్లేదు, వీధిలో ఉంటే చాలు. పెద్దత్త తన మోకాళ్ళ సంగతి గొంతెత్తి ఒర్రి చెప్పేది. అదే సమయంలో చిన్నత్త తన కోడలి సంగతి ఒర్రి చెప్పేది. ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరిందా లేదా అన్నది దేవుడికే తెలియాలి. పెద్దత్తది మగ్గం చప్పుడును దాటుకుని బజారు దాకా పోయే గొంతు, అది ఎట్లాగో భీవండి చేరేది. ఇటు వచ్చేది మాత్రం ఈమె చెవికి గుసగుస. మాటలయ్యాక పెద్దత్త ఫోను చేతిలో పెట్టుకుని కాసేపు చూసేది. తర్వాత దాన్ని తిరగేసి వెనక వైపు చూసేది. "ఏమన్నదో ఏమో" అనేది. అంత గొంతున్న మనిషి ఆ ఒక్క మాట మాత్రం మెల్లగా అనేది. నాకు చాలా బాధేసేది.

చెవి మిషను కొనిపెట్టాను. దాన్నీ తిరగేసి చూసింది. రెండు రోజులు పెట్టుకుని, "చెవిల చీమ దూరినట్టున్నది" అని తీసి, తన రేకు డబ్బాలో నగల పక్కన దాచేసింది. పిల్లలు మింగుతారట. మా ఇంట్లో మింగే వయసు పిల్లలు లేరు.

అట్లా ఉండగా నేను ఈ కారు కొన్నాను. సెకండ్ హ్యాండు. కోర్టు దగ్గర జిరాక్సు షాపు నడిపేవాడికి కొత్త కారు ఎక్కడిది. ఒకరోజు దుబ్బాక పోయి తువ్వాళ్ళు తెస్తున్నాం. పెద్దత్త తన ఫోనులో ఉన్న ఒగ్గుకథ పెట్టమంటే ఆమె ఫోనును కారుకు కలిపాను. కథ మధ్యలో ఉండగా చిన్నత్త నుంచి ఫోను వచ్చింది. నేను బటన్ నొక్కాను.

"అక్కా!" అని కారంతా మోగింది.

పెద్దత్త ఎగిరిపడింది. ముందు వెనక సీటు చూసింది, చెల్లెలు అక్కడ గాని కూర్చుందేమోనని. తర్వాత కింద, తన కాలి పక్కనున్న తలుపులోంచి మాట వస్తోందని కనిపెట్టి, దాని మీద అరచెయ్యి పెట్టింది. "నా చెల్లె! గిట్లనే ఉంటుండె దాని గొంతు" అంది. కళ్ళు నిండిపోయాయి. ఆమె ఏడవడం నేను మామ పోయినప్పుడు కూడా అంతగా చూడలేదు.

కానీ ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. ఆ కారు స్పీకర్ల లోపలి కాగితం చినిగి ఉంది. సౌండు తగ్గిస్తే ఆమెకు వినపడదు, పెంచితే మాట పగిలిపోయి బర్రుబర్రుమంటుంది. "అక్కా" అన్న పిలుపు తప్ప మిగతాదంతా గిర్నీ పట్టినట్టు వచ్చింది. ఇంటికి రాగానే దిగకుండా, సీట్లో కూర్చునే అడిగింది. "అల్లుడా, గీ దర్వాజల డబ్బాలు మార్పియ్యరాదా? నాకు చెల్లె మాట వినాలె."

ఆమె నన్ను ఏదైనా కొనిపెట్టమని అడగడం అదే మొదటిసారి.

ఇంట్లో ఆ ఎండాకాలానికి కూలరు కొందామని అనుకున్న డబ్బులున్నాయి. మా ఆవిడ వాటిలోంచి నాలుగు వేలు తీసి నా చేతిలో పెట్టి, "ఇంతకు పైకి పోయిన్రంటె ఎండాకాలమంత మీరే ఇసురాలె" అంది. అంతే బడ్జెట్టు.

ఇక నేను ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. కారు స్పీకర్ల గురించి ఇంతమంది ఇంత ఆవేశంగా మాట్లాడతారని నాకు అంతకుముందు తెలియదు. ఒకాయన తలుపుకు రెండు ముక్కలుగా వచ్చేవే మంచివంటాడు. ఇంకొకాయన అన్నీ ఒకే దాంట్లో ఉన్నవే చాలంటాడు. డబ్బా మీద రాసే వాట్లు నమ్మొద్దని, ఆర్ఎంఎస్ ఎంతో అడగమని ఇద్దరూ అంటారు. నేను అన్నం తింటూ చూశాను, షాపులో జిరాక్సులు తీస్తూ చూశాను. ఒక వకీలుగారికి ఒకే పేజీని బొత్తెడు కాపీలు తీసిచ్చాను. చివరికి మా ఆవిడతో, "ఆర్ఎంఎస్సే అసలు సంగతి" అంటే, "ఆయనెవరు?" అంది.

కరీంనగర్ రోడ్డు మీద కార్ల సామాన్ల దుకాణానికి పెద్దత్తను తీసుకుపోయాను. తీసుకుపోయానంటే, నాకంటే ముందు ఆమే ఎక్కి కూర్చుంది. దుకాణం భాయ్‌ది మంచి మాట, చక్కటి నవ్వు. మేం వచ్చిన పని చెప్పగానే మెరిసే డబ్బా ఒకటి తీసి గల్లా మీద పెట్టాడు. "గిది లేటెస్ట్ మాల్ సార్. అయిదు వందల వాట్లు. రోడ్డు మీద పోతాంటె లోకమంత సూడాలె."

"ఆర్ఎంఎస్ ఎంత భాయ్?" అన్నాను. ఎన్నాళ్ళుగానో దాచిపెట్టుకున్న ప్రశ్న.

భాయ్ నవ్వు కొంచెం తగ్గించి డబ్బా పక్కకు తిప్పి, కళ్ళద్దాలు సవరించుకుని వెతకడం మొదలుపెట్టాడు. ఈ లోపల పెద్దత్త డబ్బా లాక్కుని విప్పేసింది. స్పీకరు ముందు భాగం బంగారు రంగులో తళతళలాడుతోంది. ఆమె చూడలేదు. తిరగేసింది. వెనక అయస్కాంతం పానీపూరీ అంత ఉంది.

"గింత మొకానికి గింతే ఎన్కనా?" అంది.

భాయ్ ఇంకోటి తీశాడు. తిరగేసింది, పక్కన పెట్టింది. ఇంకోటి. అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి, "చేతిల ఏమన్న ఉన్నట్టే లేదు" అంది. నేను మధ్యలో ఓమ్ములు, ఫ్రీక్వెన్సీలు ఏవో అడిగాను గానీ నా మాట ఎవరూ పట్టించుకోలేదు. భాయ్ అప్పటికే నన్ను వదిలేసి ఆమెతోనే బేరం మొదలుపెట్టాడు. కొనేది ఎవరో దుకాణదారుడికి తెలుస్తుంది.

అప్పుడు ఆమె కన్ను పైన అటక మీద, దుమ్ము పట్టిన ఒక డబ్బా మీద పడింది. "గదేంది?"

"గది పాతది అమ్మా. ఎవలు తీస్కపోలే. ఒదిలెయ్యుండ్రి."

"తియ్యి. మర్లెయ్యి, సూద్దాం."

తీశాడు. తిరగేశాడు. వెనక అయస్కాంతం బెల్లపు అచ్చంత ఉంది. పెద్దత్త రెండు చేతులా అందుకుని ఆ బరువుకు ఒక్క క్షణం వంగింది. ఆమె ముఖం వెలిగిపోయింది. తర్వాత, నేను చూస్తుండగా, జీవితంలో మొదటిసారి ఒక వస్తువు ముందు వైపు కూడా చూసింది. చూసి గోటితో మెల్లగా గీకింది. మిగతావాటికి లోపల నల్ల కాగితమో ప్లాస్టిక్కో ఉంది. దీనికి సన్నటి పోగులతో, అడ్డం నిలువు, అల్లిన బట్ట ఉంది.

"ఓ అల్లుడా! గిది నేసిందిరా!" అంది. దుకాణం మొత్తం ఇటు తిరిగింది. "నేత జూడు ఎంత గట్టిగున్నదో. ఒక్క పోగు గూడ జారలేదు. గిదే కావాలె."

భాయ్ నిజాయితీగల మనిషి. అమ్ముడుపోని సరుకు పోతుందని సంబరపడకుండా చెప్పాడు. "అమ్మా, సౌండు మస్తుంటది, నేనెందుకు అబద్ధమాడాలె. గని దీని మ్యాగ్నెట్ లావు. మీది చిన్న బండి. డోర్ల జాగ సాలది, గ్లాసుకు తాకుతది. గందుకే ఎవలు తీస్కపోతలేరు."

"గంత లావు దర్వాజల జాగ లేదా?"

"డోరు లావుగనే కనవడ్తది అమ్మా, లోపల గ్లాసు దిగాలె గదా."

నేను చూసిన వీడియోల్లో ఒక్కడూ అద్దం సంగతి ఎత్తలేదు. కింద రింగు వేసి కాస్త బయటికి లేపితే సరిపోవచ్చని భాయ్ అన్నాడు. పాత సరుకు కాబట్టి ధర బాగా తగ్గించాడు. బడ్జెట్టు దాటలేదు. బిగింపుకు ఇచ్చినా కూడా ఇంకా మిగిలింది. ఆ మిగిలిన దాంతో పెద్దత్త దారిలో మా ఆవిడకు మల్లెపూలు కొంటానంది.

బిగించారు. రింగు వేశారు. అద్దం దించి చూస్తే సగం దాకా వచ్చి ఠక్కుమంది. అటువైపుదీ అంతే. భాయ్ తల గోక్కున్నాడు. "నేను చెప్పలేదా? ఏం ఫికర్ లేదు, పల్చటియి ఏస్త. ఇంకొన్ని పైసలు కలుపుండ్రి." ముందు సౌండు ఒకసారి వినమని, దిమ్మదిమ్మలాడే పాట ఒకటి పెట్టాడు. వీధిలో కుక్కలు లేచాయి.

"పాటలు నాకెందుకయ్యా? బంజెయ్యి. మా చెల్లెకు కలుపు" అంది పెద్దత్త.

కలిపాను. భాయ్, ఆయన పనివాళ్ళు, స్కూటరు హారను కోసం వచ్చిన ఒక రైతు, అందరూ కారు చుట్టూ నిలబడ్డారు. భీవండిలో ఫోను ఎత్తారు.

"అక్కా, తిన్నవా?"

ఒక్క బర్రు లేదు. చిన్నత్త పక్క సీట్లో కూర్చుని అడిగినట్టుంది. ఆ ప్రశ్న వెనక పవర్‌లూముల చప్పుడు కూడా విడిగా వినపడింది. అందరం పెద్దత్త ముఖం వైపు చూశాం. ఆమె కదలకుండా కూర్చుంది. కాసేపయ్యాక, "ఏందీ?" అంది.

భాయ్ ముఖం చిన్నబోయింది. నాదీ అంతే.

"తిన్నవా అంటున్న అక్కా!" అని చిన్నత్త మళ్ళీ ఒర్రింది.

"ఆఁ, తిన్న."

"అమ్మకు ఇనవడ్తలేనట్టుంది. ట్రెబుల్ జెర పెంచి సూద్దాం" అని భాయ్ చెయ్యి లోపలికి పెట్టబోయాడు. పెద్దత్త ఆ చేతి మీద ఒక్కటేసింది. "ముట్టకు! గట్లనే ఉండనియ్యి. పల్చటియి గిల్చటియి ఏం వద్దు. అద్దం సగం దిగితె గాలి రాదా ఏంది?"

ఆ సగం అద్దంతోనే ఇంటికి వచ్చాం.

ఆ తర్వాత అది రోజూ జరిగే పండుగ. కారు గేటు లోపలే ఉంటుంది కాబట్టి నేను తాళం వెయ్యను. చిన్నత్త ఇంట్లో మధ్యాహ్నం పనులయ్యే వేళకు పెద్దత్త కొంగు సర్దుకుని వచ్చి ముందు సీట్లో కూర్చునేది. ఫోనులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఆ మాట రికార్డయి నా ఫోనుకు చేరుతుందని మా ఆవిడ నేర్పించింది. నేను భోజనానికి వచ్చి ఉంటే, లోపల కంచం ముందు కూర్చున్న నాకు వాకిట్లో కారులోంచి కబురు వచ్చేది. నేను వెళ్ళి తాళంచెవి తిప్పి, ఫోను కలిపి, పక్కకు జరిగేవాణ్ణి.

పక్కకు జరిగినా వినపడేది. వింటే నాకు చిరాకేసేది. మంచి స్పీకర్లు, కూలరు డబ్బులు, సగం అద్దం, ఇంత చేస్తే ఆమె ప్రతి మాటకూ "ఏందీ? మల్ల చెప్పు" అనడమే. పాపం చిన్నత్త చెప్పిందే చెప్పేది. కోడలు అలిగి పుట్టింటికి పోయిన సంగతి రెండుసార్లు, వచ్చిన సంగతి రెండుసార్లు. చిన్నమామ ఆ రోజు లేచి కూర్చుని రెండు ముద్దలు ఎక్కువ తిన్న సంగతి రెండుసార్లు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి రంగు నూలు తొట్టిలో పడ్డ కథ ఎన్నిసార్లో. ఒకసారి మాత్రం ఒక వింత జరిగింది. చిన్నత్త గొంతు బాగా తగ్గించి, "అల్లుడు పక్కకున్నడా?" అని అడిగింది. అడిగీ అడగకముందే పెద్దత్త నా వైపు చూసి, ఈగను తోలినట్టు చెయ్యి ఊపింది, పో పో అని. నేను నవ్వుకుంటూ లోపలికి పోయాను. ఆడవాళ్ళ రహస్యాలు మనకెందుకు అనుకున్నానే గానీ అంతకు మించి ఆలోచించలేదు.

ఆమెకు పెద్దగా జబ్బేం చెయ్యలేదు. వానాకాలంలో నాలుగు రోజులు జ్వరం, దవాఖానలో రెండు రోజులు. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని కూడా తిరగేసి చూసింది. వెనక ఏమీ లేదు. "తెల్లగనే ఉన్నది" అని నాకిచ్చేసింది. ఆ రాత్రి నిద్రలోనే పోయింది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, పిండిగిర్ని ఆయన వచ్చి, "మీ ఇంటి దిక్కుకెల్లి సప్పుడే లేదన్నా" అని ఏడ్చాడు.

చిన్నత్త దినాలకు వచ్చింది. మామ దగ్గర మనుషులను కాపలా పెట్టి, కొడుకును వెంటబెట్టుకుని బస్సెక్కింది. అచ్చం పెద్దత్తే, కాస్త సన్నం. వచ్చినప్పటి నుంచి ఎవరేం చెప్పినా తల ఊపుతోంది, ఒక్క ముక్క వినపడటం లేదని మా అందరికీ తెలుస్తూనే ఉంది. భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి, "అల్లుడా, అక్క కూసునే కారు సూపియ్యవా?" అంది.

తీసుకుపోయాను. పెద్దత్త కూర్చునే చోటే కూర్చుంది. తలుపు మీద జాలీని వేళ్ళతో తడిమింది.

"గీడికెల్లేనా నా గొంతు వచ్చేది?"

"ఆఁ అత్తా!" అని నేను ఒర్రాను.

"మంచిగ సమజైతుండెనా అక్కకు?"

నేను నోరు తెరిచేలోపు ఆమే అంది. "ఏడ సమజైతది. ఒక్కటి చెప్తె ఏందీ ఏందీ అంటుండె. నా నోరు నొస్తుండె గని, ఏనాడు ఇసుక్కోలే. నేను చెప్పింది అక్కకు చేరిందో లేదో. గది తెల్వకుంటనే పోయింది." కొంగుతో ముఖం కప్పుకుంది. ఆ స్పీకర్లు కొన్నది ఆ ఒక్క పని కోసమే.

మాటలతో ఓదార్చుదామంటే ఆమెకు వినపడదు. అందుకని తాళంచెవి తిప్పాను. నా ఫోను కలిపి, పెద్దత్త పంపిన కబుర్లలో చివరిదాన్ని నొక్కాను. పోయాక నేను కూడా దాన్ని వినలేదు, ధైర్యం చాలక.

"అల్లుడా, నేను కారుల కూసున్న. తాళంచెవి తే. జెల్ది రా, చెల్లె మల్ల పనిల వడ్తది... తింటున్నవా? సరె తిను, తినే రా తియ్యి. నేనేడికి పోత."

చిన్నత్త ముఖం మీది కొంగు జారిపోయింది. పక్కన కూర్చున్న కొడుకు మాట వినపడని మనిషి, ఆ తలుపు వైపు వంగిపోయి ప్రతి ముక్కా విన్నది. "జెల్ది రా" దగ్గర పెదవులు కదిలాయి.

"గింత సాఫ్ ఇనవడ్తదా?" అంది.

తల ఊపాను.

"అక్కకు గూడ గింత సాఫే ఇనవడ్డదా?"

అప్పుడు నాకు ఆ చెయ్యి ఊపడం గుర్తుకొచ్చింది. పో పో అని, చిన్నత్త అంత మెల్లగా అడిగిన మాటకు. ఆ రోజు దుకాణంలో భాయ్ చేతి మీద పడిన దెబ్బ కూడా గుర్తుకొచ్చింది. ముట్టకు, అట్లనే ఉండనియ్యి. నేను చిన్నత్త చెవి దగ్గర నోరు పెట్టి ఆ రెండూ చెప్పాను.

చిన్నత్తకు మెల్లగా నవ్వు మొదలైంది. "దొంగది! అన్ని ఇన్కుంటనే నాతోని అన్ని రెండేసి సార్లు చెప్పిచ్చుకున్నది సూడు!" అని తలుపు మీద చేత్తో చరిచింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నేనూ అదే చేశాను. ఊపిరాడక గాలి కోసం అద్దం బటన్ నొక్కింది. అద్దం సగం దిగి ఠక్కుమని ఆగింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. సీట్లో వెనక్కి జారి, కాళ్ళు చాపుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అల్లుడా, అక్క ఏమన్నది? నాకు సమజ్ కాలే. మల్లొక్కసారి పెట్టు."

పెట్టాను.